ఎంపిక నేర్పుతుంది, కోలుకోవడం నేర్పదు: ఏడబ్ల్యూఎస్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ పరీక్షపై సమీక్ష

సర్వర్లనూ డేటా నిల్వనూ ఇంటర్నెట్ ద్వారా అద్దెకిచ్చే (దీన్నే క్లౌడ్ అంటారు) అమెజాన్ వెబ్ సర్వీసెస్ (ఏడబ్ల్యూఎస్) నిర్వహించే సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ పరీక్షకు రుసుము 150 డాలర్లు, దాని మీద పన్ను అదనం. శిక్షణకూ నమూనా ప్రశ్నపత్రాలకూ పెట్టే ఖర్చు వేరు. ఇంత డబ్బుకూ, దాని కోసం చదివే నెలల శ్రమకూ తగిన ఫలితం ఉంటుందా అని ఈ రంగంలోకి రావాలనుకునే యువతీయువకులు నన్ను తరచుగా అడుగుతుంటారు. సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా మొదలై, క్లౌడ్ ఆపరేషన్స్‌లోకి వచ్చి, ఈ పరీక్ష రాసి, ఇప్పుడు ఉద్యోగానికి వచ్చేవారిని ఇంటర్వ్యూ చేసే వైపు కూర్చుంటున్నాను కనుక నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇది రాయదగిన పరీక్షే, అయితే మా వృత్తిలో సగాన్ని మాత్రమే నేర్పుతుంది. ఏ అవసరానికి ఏ సర్వీసు సరిపోతుందో తేల్చుకోవడం చక్కగా నేర్పుతుంది. నడుస్తున్న వ్యవస్థ ఆగిపోయినప్పుడు ఏం చేయాలో, పొరపాటున మనమే దాన్ని ఆపకుండా ఎలా జాగ్రత్తపడాలో నేర్పదు. ఉద్యోగంలో చేరిన తర్వాత మనల్ని నిలబెట్టేది ఆ రెండో సగమే.

ముందుగా పరీక్ష స్వరూపం. ఇప్పుడు అమలులో ఉన్న ఎస్‌ఏఏ-సీ03 అనే రూపం 2022 ఆగస్టులో వచ్చింది. 130 నిమిషాల్లో 65 ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి. వాటిలో 15 ప్రశ్నలకు మార్కులు లెక్కించరు, అయితే అవి ఏవో మనకు తెలియదు. 100 నుంచి 1000 వరకు ఉండే కొలమానంలో 720 వస్తే ఉత్తీర్ణులైనట్లు. విభాగాల వారీగా విడివిడిగా నెగ్గనక్కరలేదు, మొత్తం మార్కులు చాలు. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు. తప్పితే 14 రోజుల తర్వాత మళ్లీ రాయవచ్చు, కానీ రుసుము మళ్లీ పూర్తిగా కట్టాలి. నెగ్గితే సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది, తర్వాత రాసే పరీక్షకు రుసుములో సగం తగ్గింపు లభిస్తుంది.

ప్రశ్నలు రాసిన తీరు ఈ పరీక్షకున్న అసలైన బలం. ‘ఫలానా సర్వీసు అంటే ఏమిటి’ అని నేరుగా అడగరు. ఒక సంస్థ పరిస్థితిని నాలుగైదు వాక్యాల్లో వర్ణించి, నాలుగు పరిష్కారాలు ముందు పెట్టి, వాటిలో అతి తక్కువ ఖర్చుతో కూడినదో, అతి తక్కువ నిర్వహణ భారం ఉన్నదో ఎంచమంటారు. చాలాసార్లు నాలుగులో రెండు పరిష్కారాలు పనిచేసేవే అయి ఉంటాయి, ఆ చివరి షరతే వాటిని విడదీస్తుంది. డేటాబేస్ మీద చదివే భారం ఎక్కువైందంటే రీడ్ రెప్లికా (చదవడానికి మాత్రమే వాడే డేటాబేస్ నకలు) కావాలి. ఒక డేటాసెంటర్ పోయినా డేటాబేస్ నిలవాలంటే మల్టీ-ఏజెడ్ (వేరే చోట సిద్ధంగా ఉండే జంట డేటాబేస్) కావాలి. ఈ రెండింటి మధ్య తేడాను వివరణగా అప్పజెప్పగలిగినవారు కూడా ప్రశ్నలో పరిస్థితి మారగానే తడబడతారు. ఆ తడబాటు పోయే దాకా ఈ పరీక్ష మనల్ని సాధన చేయిస్తుంది. ఇంటర్నెట్‌కు నేరుగా తగలని ప్రైవేట్ సబ్‌నెట్‌లోని సర్వర్లు, ఫైళ్లు దాచే ఎస్‌త్రీ సర్వీసులోని ఫైళ్లను చదవాల్సి వస్తే, లోపలి సర్వర్లను బయటి ఇంటర్నెట్‌తో కలిపే నాట్ గేట్‌వే గుండా పంపవచ్చు, కానీ దాని గుండా పోయే ప్రతి జీబీకీ రుసుము పడుతుంది. అదే పనికి ఎస్‌త్రీకి నేరుగా దారి ఇచ్చే వీపీసీ గేట్‌వే ఎండ్‌పాయింట్ పెడితే అదనపు రుసుమేమీ ఉండదు. ఏళ్ల తరబడి పనిచేసిన బృందాలు సైతం ఈ ఒక్క విషయం పట్టించుకోక నెలనెలా డబ్బు పోగొట్టుకోవడం నేను చూశాను. పరీక్షకు చదివిన కొత్త ఉద్యోగి మొదటి వారంలోనే దాన్ని పట్టుకోగలడు. పెట్టిన ఖర్చుకు ఇది నిజమైన ప్రతిఫలం.

మార్కుల్లో 30 శాతం భద్రతకు కేటాయించడం కూడా నాకు నచ్చిన నిర్ణయం. మిగిలినవాటిలో తట్టుకునే శక్తికి 26 శాతం, పనితీరుకు 24 శాతం, ఖర్చు అదుపుకు 20 శాతం ఇచ్చారు. భద్రతకు ఇంత పెద్దపీట ఎందుకంటే అమెరికాలో 2019లో బయటపడిన క్యాపిటల్ వన్ బ్యాంకు ఉదంతం చూడాలి. సరిగా అమర్చని ఒక ఫైర్‌వాల్ గుండా లోపలికి చేరిన వ్యక్తికి, ఆ సర్వర్‌కు కేటాయించిన ఐఏఎమ్ రోల్ (ఏ పనులకు అనుమతి ఉందో చెప్పే గుర్తింపు) తాలూకు తాత్కాలిక యాక్సెస్ కీలు (లోపలికి అనుమతించే రహస్య సంకేతాలు) దొరికాయి. ఆ రోల్‌కు దాని పనికి మించిన అనుమతులు ఉండటంతో ఎస్‌త్రీ బకెట్ల (ఫైళ్లు ఉంచే అరల) పేర్లన్నీ చూసి, వాటిలోని సమాచారాన్ని దించుకోవడం సాధ్యమైంది. అమెరికాలో పది కోట్ల మంది, కెనడాలో అరవై లక్షల మంది వివరాలు బయటికి పోయాయి. మరుసటి ఏడాది నియంత్రణ సంస్థ ఆ బ్యాంకుకు 8 కోట్ల డాలర్ల జరిమానా విధించింది. పనికి సరిపడా అనుమతి మాత్రమే ఇవ్వాలన్న నియమాన్ని ఈ పరీక్ష పదేపదే, రకరకాల వేషాల్లో అడుగుతుంది. సర్వర్‌లో యాక్సెస్ కీలు రాసి పెట్టిన జవాబు దాదాపు ఎప్పుడూ తప్పే అవుతుంది, రోల్ ఇచ్చిన జవాబు ఒప్పవుతుంది. ఈ అలవాటు ఒంటబట్టిన మనిషి తన తర్వాతి ఉద్యోగ జీవితమంతా దాని ఫలం అనుభవిస్తాడు.

ఇక లోటు. ఈ పరీక్షలో చేత్తో చేసి చూపించే పని ఒక్కటీ లేదు. ఇదే సంస్థ తన సిస్‌ఆప్స్ (వ్యవస్థల నిర్వహణ) పరీక్షలో 2021లో ప్రయోగశాల తరహా ప్రశ్నలు ప్రవేశపెట్టి 2023లో ఆపేసింది. అది వెనక్కి వేసిన అడుగని నేను గట్టిగా నమ్ముతున్నాను. కుబర్నెటీస్ (అప్లికేషన్లను అనేక సర్వర్ల మీద నడిపే వ్యవస్థ) అడ్మినిస్ట్రేటర్ పరీక్ష మొత్తం కమాండ్ లైన్ ముందు కూర్చుని రాసేదే, అందులో నెగ్గినవారి పనితనం ఇంటర్వ్యూలో మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది. నాలుగు జవాబుల్లో సరైనది గుర్తుపట్టడం వేరు. నాలుగు జవాబులూ ఎవరూ ఇవ్వని చోట, వినియోగదారులు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్న వేళ, మొదట ఏ లాగ్ (వ్యవస్థ తన పనులను రాసుకునే చిట్టా) తెరవాలో తోచడం వేరు.

మా రంగంలో బహిరంగంగా నమోదైన పెద్ద పొరపాట్లను ఈ పరీక్ష పాఠ్యప్రణాళిక పక్కన పెట్టి చూస్తే ఈ లోటు ఇంకా స్పష్టమవుతుంది. 2017 ఫిబ్రవరి 28న అమెరికాలోని ఉత్తర వర్జీనియా రీజియన్‌లో (ఏడబ్ల్యూఎస్ డేటాసెంటర్ల సముదాయం ఉన్న ప్రాంతంలో) ఎస్‌త్రీ నాలుగు గంటలకు పైగా దెబ్బతిన్నది. బిల్లింగ్ వ్యవస్థ నెమ్మదించిన కారణం వెతుకుతూ, అధికారం ఉన్న ఉద్యోగే, రాసిపెట్టిన పద్ధతి ప్రకారమే, కొద్ది సర్వర్లను తొలగించే ఆదేశం ఇచ్చాడు. అందులో ఒక విలువ తప్పుగా పడి, అనుకున్నదాని కంటే చాలా ఎక్కువ సర్వర్లు తొలగిపోయాయి. దానితో రెండు కీలక ఉపవ్యవస్థలను మొదటి నుంచి తిరిగి ప్రారంభించాల్సి వచ్చింది, పెద్ద రీజియన్లలో అలా పూర్తిగా ప్రారంభించి చాలా ఏళ్లయింది కనుక అది అనుకున్నదాని కంటే ఎక్కువ సమయం తీసుకుంది. సేవల స్థితిని ప్రజలకు చూపే పేజీని మార్చే సాధనం కూడా ఎస్‌త్రీ మీదే ఆధారపడి ఉండటంతో, ఏం జరుగుతోందో ఆ పేజీలో చెప్పడానికి సైతం కొంతసేపు వీలు కాలేదు.

ఆ తర్వాత ఆ సంస్థ ప్రచురించిన వివరణ మా వృత్తిలోకి వచ్చే ప్రతి ఒక్కరూ చదవాలి. అందులో ఆ ఉద్యోగి పేరు లేదు, ‘ఇకమీదట జాగ్రత్తగా ఉంటాం’ అన్న మాటతో సరిపెట్టుకోలేదు. సాధనాన్నే మార్చారు. సర్వర్లను మెల్లగా మాత్రమే తొలగించేలా, ఏ ఉపవ్యవస్థకైనా ఉండాల్సిన కనీస సంఖ్య కంటే కిందికి పోతే ఆదేశాన్ని నిరాకరించేలా తీర్చిదిద్దారు. మనిషి చేయి జారుతుందని ముందే ఒప్పుకుని, జారినా నష్టం చిన్నదిగా ఉండేలా పరికరాన్ని మలచడమే ఇంజినీర్ పని. సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ పరీక్షలో యంత్రాలు చెడిపోవడం గురించి, జోన్లు (ఒక రీజియన్‌లోని విడివిడి డేటాసెంటర్ల గుంపులు) పోవడం గురించి ఎన్నో ప్రశ్నలు ఉంటాయి. సరైన అధికారం ఉన్న మనిషి సరైన ఉద్దేశంతో తప్పు ఆదేశం ఇవ్వడం గురించి మాత్రం చాలా తక్కువగా ఉంటాయి.

అంతకు నెల రోజుల ముందు, 2017 జనవరి 31న, గిట్‌ల్యాబ్ సంస్థలో జరిగింది ఇంకా నేర్పుతుంది. రాత్రి పొద్దుపోయాక రెండో డేటాబేస్ సర్వర్‌ను సరిచేస్తున్న ఇంజినీర్, తానున్నది ఆ రెండో సర్వర్‌లోనే అనుకుని ప్రధాన సర్వర్‌లోని డేటా డైరెక్టరీని తొలగించాడు. ఒకటి రెండు క్షణాల్లోనే గుర్తించి ఆపినా, దాదాపు 300 జీబీలో 4.5 జీబీ మాత్రమే మిగిలింది. బ్యాకప్ కోసం వెళితే ఎస్‌త్రీ బకెట్ ఖాళీగా ఉంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ 9.6 వెర్షన్‌లో నడుస్తుంటే బ్యాకప్ సాధనం 9.2 వెర్షన్‌ది కావడంతో ప్రతిసారీ విఫలమవుతూ వచ్చింది. ఆ వైఫల్యాన్ని తెలిపే ఈమెయిళ్లు పంపినవారి ధృవీకరణ సరిగా లేక తిరస్కరణకు గురవుతూ వచ్చాయి. అదృష్టం కొద్దీ ఆరు గంటల ముందు వేరే పని కోసం అదే ఇంజినీర్ చేత్తో తీసిన ఒక స్నాప్‌షాట్ (ఆ క్షణంలోని డేటా నకలు) ఉండబట్టి, ఆ ఆరు గంటల సమాచారం తప్ప మిగిలినది దక్కింది. కోలుకునే పని అంతటినీ వారు ప్రజలందరూ చూసేలా ప్రత్యక్ష ప్రసారం చేశారు. ఆ నిజాయితీ పట్ల నాకు ఇప్పటికీ ఎంతో గౌరవం.

పరీక్షలో ఇలాంటి పరిస్థితి వస్తే ‘ఆటోమేటెడ్ బ్యాకప్ ఆన్ చేయండి’ అన్నది ఒప్పు జవాబు, అక్కడితో ప్రశ్న ముగుస్తుంది. పనిలో అసలు ప్రశ్న అక్కడే మొదలవుతుంది. ఆ బ్యాకప్ నుంచి చివరిసారి డేటాబేస్‌ను ఎప్పుడు తిరిగి నిలబెట్టి చూశారు? ఎంతసేపు పట్టింది? బ్యాకప్ విఫలమైతే ఎవరికి కబురు వస్తుంది, ఆ కబురు రాకపోతే ఎవరికి తెలుస్తుంది? ఇంటర్వ్యూలో నేను అడిగేవి ఇవే. ఆర్‌టీఓ (ఎంతసేపట్లో కోలుకోవాలి), ఆర్‌పీఓ (ఎంతసేపటి సమాచారం పోయినా ఫర్వాలేదు) అన్న మాటల నిర్వచనాలు, నాలుగు రకాల డిజాస్టర్ రికవరీ పద్ధతులు ఒక్క తప్పు లేకుండా చెప్పిన అభ్యర్థులు ఎందరో ఈ ప్రశ్నల దగ్గర మౌనంగా ఉండిపోతారు. అది వారి తప్పని నేను అనుకోను, అడగని దాన్ని వారు చదవలేదు. కాబట్టి ఈ పరీక్షకు తయారవుతున్నవారికి నా సలహా ఇది: ఆర్‌డీఎస్ (ఏడబ్ల్యూఎస్ డేటాబేస్ సర్వీసు) పాఠం చదివిన రోజునే ఒక చిన్న డేటాబేస్ పెట్టి, దానిలో పది వరుసలు నింపి, స్నాప్‌షాట్ తీసి, డేటాబేస్‌ను తొలగించి, వేరే పేరుతో తిరిగి నిలబెట్టండి. తిరిగి వచ్చిన డేటాబేస్ కొత్త చిరునామాతో వస్తుందని, అప్లికేషన్ ఇంకా పాత చిరునామానే వెతుకుతోందని అప్పుడు మీ కళ్లారా చూస్తారు. ఎస్‌త్రీలో వెర్షనింగ్ (ఫైలు పాత రూపాలను దాచే ఏర్పాటు) పెట్టిన బకెట్ నుంచి ఫైలు తొలగించి, డిలీట్ మార్కర్‌ను (తొలగించినట్లు పెట్టే గుర్తును) తీసేసి ఆ ఫైలును వెనక్కి తెచ్చుకోండి. వినియోగదారులు వాడే ప్రొడక్షన్ సర్వర్‌కూ టెస్ట్ సర్వర్‌కూ, ఆదేశాలు రాసే చోట కనిపించే ప్రాంప్ట్ రంగులు వేరుగా పెట్టుకోండి. ఒక ఆదివారం మధ్యాహ్నం చాలే ఈ పనులకు పాఠ్యప్రణాళికలో చోటు లేకపోవడమే ఈ పరీక్షలోని ప్రధాన లోపం.

సాధన చేయమని చెప్పినప్పుడు బిల్లు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నేర్చుకునే దశలో విద్యార్థులను భయపెట్టేది అదే. ఖర్చు అదుపు మీద 20 శాతం మార్కులున్నా, ప్రశ్నలు ఎక్కువగా ఏ స్టోరేజీ తరగతి, ఏ కొనుగోలు పద్ధతి అన్నవాటి చుట్టూ తిరుగుతాయి. మరచిపోయిన వస్తువుల సంగతి వాటిలో అంతగా రాదు. సర్వర్‌ను తొలగించినా మిగిలిపోయే డిస్కులు, ఎవరూ వాడకపోయినా గంటగంటకూ రుసుము పడే నాట్ గేట్‌వే, 2024 ఫిబ్రవరి నుంచి గంటకు 0.005 డాలర్ల చొప్పున వసూలు చేస్తున్న పబ్లిక్ ఐపీవీ4 చిరునామాలు కలిసి బిల్లును నిశ్శబ్దంగా పెంచుతాయి. బడ్జెట్ అలారం పెట్టుకోవడం తప్పనిసరి, కానీ అది హెచ్చరిక మాత్రమే. మనం ప్రత్యేకంగా చర్యలు అమర్చకపోతే అది దేన్నీ ఆపదు, పైగా ఖర్చు వివరాలు గంటల ఆలస్యంతో చేరతాయి. 2025 జులై 15 తర్వాత తెరిచే కొత్త ఖాతాల్లో పాత పన్నెండు నెలల ఉచిత పద్ధతికి బదులు గరిష్ఠంగా 200 డాలర్ల క్రెడిట్లు ఇస్తున్నారు. ఉచిత ప్లాన్ ఎంచుకుంటే ఆరు నెలలు గడిచేదాకా లేదా క్రెడిట్లు అయిపోయేదాకా బిల్లు పడదు. విద్యార్థులకు ఇది పాత పద్ధతి కంటే సురక్షితమని నా అభిప్రాయం. తల్లిదండ్రుల కార్డు నంబరు ఇచ్చి, రాత్రంతా బిల్లు గురించి బెంగపడాల్సిన అవసరం ఇప్పుడు చాలావరకు లేదు.

ప్రపంచమంతటికీ ఒకే ప్రశ్నపత్రం కావడం వల్ల వచ్చే మరో పరిమితి ఉంది. పరీక్షలో, ఒక రీజియన్ ఆగితే ఆదుకునే రెండో రీజియన్ అంటే ఏదైనా ఒకటే. భారతదేశంలో చెల్లింపుల రంగంలో పనిచేసేవారికి అలా కుదరదు. చెల్లింపుల సమాచారం దేశంలోనే భద్రపరచాలని రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఆదేశించింది. ఏడబ్ల్యూఎస్ ముంబై రీజియన్ 2016లో వచ్చినా, దేశంలో ఆ సంస్థకు రెండో రీజియన్ హైదరాబాద్‌లో 2022 నవంబరులో గానీ రాలేదు. ముంబై ఆగితే హైదరాబాద్ నుంచి నడిపే ఏర్పాటు అప్పటి నుంచే సాధ్యమైంది. అయితే కొత్త రీజియన్‌లో పాతదానిలో ఉన్న అన్ని సర్వీసులూ, అన్ని సర్వర్ రకాలూ ఉండవు కనుక ముంబైలో వాడేవి అక్కడ ఉన్నాయో లేవో ఒక్కొక్కటిగా సరిచూసుకోవాలి. ఆర్కిటెక్ట్ అన్న మాటకు మన ఊళ్లో అర్థం ఇటువంటి పనే.

రీజియన్లు పరస్పరం స్వతంత్రమని చదువుకున్నవారు 2025 అక్టోబరు 20 నాటి ఘటనను కూడా శ్రద్ధగా చదవాలి. ఉత్తర వర్జీనియాలో డైనమోడీబీ అనే ఏడబ్ల్యూఎస్ డేటాబేస్ సర్వీసు చిరునామాలను నిర్వహించే స్వయంచాలక వ్యవస్థలో రెండు ప్రక్రియలు ఒకదాని పని మీద ఒకటి పడి, ఆ సర్వీసు డీఎన్‌ఎస్ రికార్డు (పేరుకు తగిన చిరునామా చెప్పే నమోదు) ఖాళీ అయింది. చివరికి మనుషులే చేత్తో సరిదిద్దాల్సి వచ్చింది. ఐఏఎమ్ మార్పుల వంటి ప్రపంచవ్యాప్త సేవలు కొన్ని ఆ రీజియన్ మీద ఆధారపడటంతో, తమ సర్వర్లు వేరే ఖండంలో ఉన్నవారికి కూడా ఆ సెగ తగిలింది. మన వ్యవస్థ దేని మీద ఆధారపడి ఉందో అట్టడుగు దాకా గీసి చూసుకోవాలన్న పాఠం పరీక్ష చదువులో దొరకదు, ఇలాంటి నివేదికల్లోనే దొరుకుతుంది.

శిక్షణ విషయంలో కొంత కటువుగానే మాట్లాడాలి. అమీర్‌పేటలో మైత్రీవనం పరిసరాల్లోని శిక్షణ సంస్థలు మా తరంలో ఎంతోమంది జీవితాలను మార్చాయి. పెద్ద కళాశాల పేరు లేని, ఇంగ్లిష్ అంతగా రాని జిల్లాల పిల్లలకు అందుబాటు ధరలో చదువు చెప్పినవి అవే. కానీ పరీక్షలో వచ్చిన ప్రశ్నలను దొంగతనంగా సేకరించి ‘డంప్స్’ పేరుతో అమ్మే వ్యాపారం ఆ మంచి పేరును తినేస్తోంది. అలా రాసినట్లు తేలితే సర్టిఫికెట్ రద్దు చేసే హక్కు, మళ్లీ రాయనివ్వకుండా నిషేధించే హక్కు నిర్వాహకులకు ఉన్నాయి. అంతకంటే నన్ను బాధించేది, జవాబులు బట్టీ పట్టి నెగ్గిన అభ్యర్థి ఎదురుగా కూర్చుని, తన సర్టిఫికెట్‌లో ఉన్న విషయం మీదే రెండో ప్రశ్నకు కుంగిపోవడం. తెలివైన పిల్లవాడిని డబ్బు తీసుకుని ఆ స్థితికి తెచ్చినవారిని నేను క్షమించలేను.

ఈ పరీక్షను తెలుగులో రాసే వీలు లేదు. అయితే ఇంగ్లిష్ మాతృభాష కానివారు అదనంగా 30 నిమిషాలు కోరవచ్చు. పరీక్ష తేదీ ఎంచుకోకముందే ఖాతాలో ఈ సదుపాయానికి దరఖాస్తు చేసుకోవాలి, ఆ తర్వాత పెడితే అప్పటికే తీసుకున్న తేదీకి వర్తించదు. ప్రశ్నలు పొడవైనవి, షరతు చివరి వాక్యంలో దాగి ఉంటుంది, రెండు నిమిషాలకో ప్రశ్న చొప్పున చదవడం మనవారికి కష్టమే. అయినా ఈ సదుపాయం సంగతి తెలియకుండానే రాసి, సమయం చాలక తప్పినవారు నాకు తారసపడుతూనే ఉన్నారు. ఇంటి నుంచి రాసే వీలున్నా, పరీక్ష కేంద్రానికి వెళ్లడమే మేలని చెబుతాను. కరెంటు పోవడం, నెట్ ఆగడం, గదిలోకి ఎవరో రావడం వంటివాటి వల్ల నెలల శ్రమ చిక్కుల్లో పడటం అనవసరం.

డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవారికి, లైనక్స్, నెట్‌వర్కింగ్ కొంత తెలిసి సపోర్టు ఉద్యోగం నుంచి క్లౌడ్ వైపు రావాలనుకునేవారికి ఈ పరీక్షను మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. ఐపీ చిరునామా, సబ్‌నెట్ అంటే ఇంకా తెలియనివారు ముందు వాటిని నేర్చుకోవాలి, లేకపోతే పాఠాలన్నీ పేర్ల జాబితాలుగా మిగిలిపోతాయి. సర్టిఫికెట్ మీద ఆర్కిటెక్ట్ అని ఉన్నా, మొదటి ఉద్యోగంలో చేసేది టికెట్లుగా వచ్చే ఫిర్యాదులు చూడటం, ప్యాచ్‌లు వేయడం, ఆన్‌కాల్ రాత్రులు మేలుకోవడం. అది తక్కువ పని కాదు. వ్యవస్థలు ఎలా ఆగిపోతాయో చూసే అవకాశం అక్కడే దొరుకుతుంది, అందుకే ఆ దశను తొందరగా దాటేయాలని చూడవద్దని నా వద్దకు వచ్చేవారిని కోరుతుంటాను. ఇప్పటికే పదేళ్లుగా ఈ పని చేస్తున్నవారికి ఈ పరీక్ష కొత్తగా ఇచ్చేది తక్కువ. ఏడబ్ల్యూఎస్‌తో తమ భాగస్వామ్య అవసరాల కోసం కంపెనీ అడిగితే తప్ప రాయనక్కరలేదు. మూడేళ్లు నిండుతున్నవారు మాత్రం ఇదే పరీక్షను మళ్లీ రాయడానికి బదులు, నెగ్గినప్పుడు వచ్చిన సగం రుసుము తగ్గింపు గడువు దాటకపోతే దానిని వాడుకుని, ప్రొఫెషనల్ స్థాయి పరీక్షకు సిద్ధపడటం మంచిది. అందులో ఉత్తీర్ణులైతే అసోసియేట్ సర్టిఫికెట్ గడువు కూడా దానితో పాటే పొడిగిస్తారు.